పంపు రూములో జనవరి

హొరమావు చలికి నా మోకాళ్లకన్నా ముందు
ఆ సీసా గట్టిపడింది.
ఐదున్నరకి మోటారు వేద్దామని తలుపు తీస్తే
కిటికీ పక్క అరలో మొక్కల ఎరువు,
అడుగున నాలుగు వేళ్ల మందం పేరుకుని ఉంది.
మొన్నటిదాకా నీలం నీళ్లు.
ఇప్పుడు పైన తేట, కింద సూదులు,
ఒకదాని మీద ఒకటి పడుకున్న గాజు సూదులు.

సెక్రటరీ మేడం ఫోన్లోంచి తల ఎత్తకుండానే అంది:
"పాడైపోయింది యెర్రిస్వామీ, పారేయ్."
పాడవలేదమ్మా, చలికి ముడుచుకుంది, అంతే
అందామనుకున్నాను.
ముడుచుకోవడానికి కన్నడంలో సరైన మాట
ఆ వేళకి నోటికి రాలేదు.
గుప్పిలి మూసి చూపించాను.

నాకెట్లా తెలుసంటే, పోయినేడు తప్పు చేశాను కాబట్టి.
నెల పొడుగునా పైతేటే వంచి పోశాను.
మూత కొలత తప్పలేదు, బకెట్టు కొలత తప్పలేదు,
మందారాలు మాత్రం కామెర్లొచ్చినట్టు పాలిపోయాయి.
చివరికి అడుగున మిగిలిన ముద్దని
పారేయడం దేనికని కాసిని నీళ్లతో కడిగి
రెండొందల రెండు వాళ్ల కరివేపాకు మొదట్లో కుమ్మరించాను.
మూడో రోజుకి ఆకుల అంచులన్నీ
బీడీ తగిలినట్టు మాడాయి.
పస్తుతో అన్ని, అజీర్తితో ఒకటి.
సీసా ఒకటే.

జీతంలో ఐదొందలు కోశారు. అది కాదు బాధ.
ఆ ఆకు తుంచి మజ్జిగలో వేసి
నాకూ ఒక గ్లాసు పంపేది ఆ ఇంటి పెద్దామె.
ఆ ఎండాకాలం పంపలేదు.

ఈసారి స్నానానికి కాచుకున్న నీళ్లు సగం
ఎర్ర బకెట్టులోకి వంచి, మూత కాస్త వదులు చేసి
సీసాని అందులో నిలబెట్టాను.
మరిగే నీళ్లు కాదు.
పసిబిడ్డకి పోసేముందు మోచేయి ముంచి చూస్తారే, ఆ వేడి.
పక్కనే కూర్చున్నాను. మోటారు గురక పెడుతోంది.
బకెట్టు చల్లారాక మరో చెంబు.
మూత బిగించి, తలకిందులు చేసి ఊపితే
మొదట గలగలమంది, తర్వాత గరగర,
తర్వాత ఏమీ అనలేదు.
బల్బు వెలుతురుకి పట్టి చూశాను.
ఒక్క సూది కరగలేదు.
ఉండనీ, ఇంకో చెంబు పోస్తే నా ఒంటికి నీళ్లుండవు.

నూట నాలుగు పాప ఇళ, స్కూలు బస్సుకి ముందే దిగొచ్చి
మూత అంచున మెరిసే తెల్ల పలుకుని గిల్లబోయింది.
"కల్లుసక్కరెయా?"
మా మడకశిరలో కలకండ అంటాం.
ఏ ఊళ్లో ఏమన్నా నోట్లో వేసుకునే మాటే.
చెయ్యి లాగిన వేగానికి నేనే భయపడ్డాను.
రెండుసార్లు సబ్బుతో కడిగించాను.
మూత తడిగుడ్డతో తుడిచి, సీసాని కిటికీ దగ్గర్నుంచి తీసి
మోటారు వెచ్చదనం తగిలే పై అరకి,
స్టూలు లేనిదే నాకూ అందని చోటికి మార్చబోయాను.

చీటీ ఎప్పుడో ఊడిపోయింది.
నేను రాస్తే తెలుగే రాస్తాను,
ఈ నాలుగంతస్తుల్లో చదివేవాళ్లు లేరు.
పుర్రె బొమ్మ వేయమ్మా అని మార్కరు ఇచ్చాను.
వేసింది. గుండ్రని తల, రెండు గుంటలు, అడ్డంగా ఎముకలు.
కాసేపు ఆగి, నా వైపు చూసి,
మీసాలు కూడా పెట్టింది.