ఎన్ని బిందెలు

డిపోలో మూడు రోజుల సెలవు దొరికింది.
ఒకటి నిద్రకు పోయింది, ఒకటి ఎవరిదో పెళ్లి భోజనానికి.
మిగిలింది ఈ బుధవారం.

కదిరిలో తెల్లవారుజామున నాలుగున్నర బండి ఎక్కి
బాగేపల్లి దాటినా లేవని ఇద్దరూ
మెజెస్టిక్‌లో దిగంగానే పూర్తిగా మేలుకున్నారు.
మెట్రోలో ఇచ్చిన నల్లబిళ్లను
ఖాద్రీష్ నాలుక మీద పెట్టుకున్నాడు.
వాళ్లమ్మ బుజ్జగించి కక్కించేలోపు
రెండు స్టేషన్లు దాటిపోయాయి.

అలసూరు.
ఇనుప కమ్మీల కంచె. కంచె అవతల నీళ్లు.
నీళ్ల నడుమ చెట్లు మోస్తున్న దీవులు,
వాటి మీద కొంగలో, ఇంకేవో పిట్టలో.
నాకు బస్సుల పేర్లే తెలుసు.

వాడు కమ్మీల మధ్య మొహం ఇరికించి
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అడిగాడు:
"నాయనా, ఇవన్నీ ఎన్ని బిందెలు?"

ఇందుజ నవ్వింది. ఏడేళ్లది,
వెయ్యి దాకా తడుముకోకుండా లెక్కపెడుతుంది.
"పిచ్చోడా, చెరువును బిందెల్తో కొలవరు."
"మరి దేంతో కొలుస్తారు?"
అది నా వైపు చూసింది.
నేను నా చెప్పుల వైపు చూశాను.

మా వీధిలో నీళ్లు మంగళవారం వస్తాయి, వస్తే.
ఇంటికి ఆరు బిందెలు.
ఏడోది పట్టిందని ఎదురింటామె
సుభాషిణితో పదకొండు రోజులు మాట్లాడలేదు.
వాడి కొలత వాడిది.
తప్పని చెప్పడానికి నేనెవర్ని?

టికెట్టు ధర వినగానే జేబు తడుముకున్నాను.
"ఎష్టు జనా?" అన్నాడు కిటికీలోని మనిషి.
నేను లెక్కలు వేస్తుండగానే
సుభాషిణి నాలుగు వేళ్లు చూపించింది.

తొక్కుడు పడవ.
ఎవరెవరి చెమటో పట్టిన నారింజరంగు జాకెట్లు.
ఖాద్రీష్‌కు మోకాళ్ల దాకా దిగింది,
తాబేలుకి మల్లే తల మాత్రం బయట.

ఎడమ పెడలు కిర్రుమంటోంది.
గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో!
వంగి చెయ్యి పెట్టబోయాను.
"సెలవు" అంది సుభాషిణి.
అంతే, ఒక్క మాట.
చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

నడిమధ్యకొచ్చాక పడవ
ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది.
నేను ముందుకు తొక్కుతుంటే తను వెనక్కి తొక్కుతోంది.
ఆమెకు సైకిలు రాదని
పెళ్లయిన తొమ్మిదేళ్లకు తెలిసింది నాకు.
నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండా,
కళ్లలో నీళ్లు తిరిగేదాకా.
ఆ చప్పుడుకే దీవి మీద పిట్టలు లేచాయి
అనుకోవాలని ఉంది.
వాటి వేళయి లేచాయేమో.

నీళ్లు దగ్గర్నుంచి పచ్చగా ఉన్నాయి, వాసన కూడా.
ఇందుజ ముక్కు మూసుకుంది. "ఇవి తాగరా?"
"తాగరు."
"పోసుకోరా?"
"పోసుకోరు."
"మరెందుకు ఇన్ని పట్టి పెట్టుకున్నారు?"
అన్నాడు వాడు, బెంగుళూరు మొత్తం మీద కోపంగా.

ఒడ్డున బెంచీ మీద చిత్రాన్నం, మామిడికాయ ఊరగాయ.
ఒక కుక్క మర్యాదగా దూరంలో కూర్చుంది.
వాడు సగం తనకి పెట్టి సగం మాకు చెప్పకుండా పారేశాడు.
మళ్లీ మెజెస్టిక్, మళ్లీ బండి,
ఇద్దరి తలలూ చెరో తొడ మీద.

రాత్రి పదకొండుకు ఇంట్లో సంచి విప్పితే
వాడి సీసా బరువుగా ఉంది.
లోపల పచ్చటి నీళ్లు, ఒక తెల్లటి ఈక.
ఎప్పుడు ముంచాడో, ఏ చేత్తో ముంచాడో.
కదిపి అడిగితే కళ్లు తెరవకుండానే చెప్పాడు:
"కుళాయికి చూపిద్దామని."

సుభాషిణి పారబోయబోయింది.
మూత మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది.

నాకు తెల్లారి ఆరుకి డ్యూటీ.

మంగళవారం నీళ్లు రాలేదు.
సీసా కిటికీలోనే ఉంది.
ఈక అడుక్కి దిగింది.