బొటనవేలి గరుకు

కేప్ కాడ్ కాలువ గట్టున మా ఎరల కొట్టు.
గోడకి మేకు, మేకుకి కాటా.
కాటా కొక్కానికి ఇప్పుడు వేలాడేది
తుప్పొక్కటే.

నాన్న పుస్తకం ఇంకా గల్లాపెట్టె కిందే ఉంది,
పెన్సిల్ రాత, చేపనూనె మరకలు.
తేదీ, ఆటుపోట్ల వేళ, గాలి ఎటునుంచి,
చేప ఎన్ని పౌండ్లు, పట్టిందెవరు.
ఇంకో గడి గీయలేదాయన.

డెబ్బై మూడు, జూన్. ఒక్క రాత్రికి పేజీన్నర.
నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది. మళ్ళీ నలభై ఒకటి.
చోటు చాలక పేర్లు
అంచుల వెంట నిలువునా పాకాయి.

డెబ్బై తొమ్మిది, అదే జూన్: "రెండు. చిన్నవి."
ఎనభై రెండు: "నైరుతి గాలి. పోటు బాగుంది. ఏమీ లేదు."
ఆ "ఏమీ లేదు" కింద ఎంత గట్టిగా గీశాడో,
మొన విరిగి కాగితం చిరిగి
వెనక పేజీలో ఎవరిదో పేరు తెగింది.

తర్వాత కొన్నేళ్ళు అసలు పట్టొద్దన్నారు.
కాఫీ అమ్మాం, వానపాములమ్మాం, ఐసుగడ్డలమ్మాం.
చారల చేప మాటెత్తితే
పోయిన మనిషిని తలచుకున్నట్టు
కొట్లో గొంతులు తగ్గేవి.

మళ్ళీ వచ్చాయి.
నాకప్పుడు పందొమ్మిది. తెల్లారకముందే
రైలు వంతెన కింద కాలువ
ఎసరులా మరిగింది.
హెర్రింగులు రాళ్ళమీదికి ఎగిరిపడుతున్నాయి,
వాటి వెనకాల ఆ వెడల్పాటి వీపులు,
ఒక్కో పక్కన ఏడేసి గీతలు.
అమ్మ పొయ్యిమీద గంజి వదిలేసి
ఉత్తికాళ్ళతో పరిగెత్తుకొచ్చింది.
ఆ రోజు పేజీలో రాత లేదు.
ఒక పొలుసు అంటుకుని ఉంది, గోరంత.

అది కూడా తరిగింది, చెప్పకుండా.
ఏ ఏడాదికి ఆ ఏడాది
"పోయినసారికంటే కాస్త తక్కువ" అనుకున్నాం.
కాస్త కాస్త కలిపితే ఎంతో
ఎవరూ కూడి చూడలేదు, నాతో సహా.

తిబేరియోకి ఎనభై నాలుగు.
రోజూ సాయంత్రం కొట్టు ముందు
బకెట్ బోర్లించి కూర్చుంటాడు.
"అరవై పౌండ్లు, ఆ దీపస్తంభం దగ్గరే,
మలుగుపాముని ఎరేసి, తుపాను ముందు రాత్రి."
నేను పుస్తకం తీసి చూశాను, ఆయన లేనప్పుడు.
నలభై నాలుగున్నర.
చెప్పలేదు.
నీళ్ళలో తగ్గిన బరువు
ఆయన నోట్లో పెరుగుతోంది.
ఎక్కడో ఒకచోట ఉండాలిగా మరి.

ఇప్పటి లెక్క వేరు, కాటాతో పనిలేదు, టేపు చాలు.
ఇరవై ఎనిమిది అంగుళాల లోపైతే వదలాలి,
ముప్ఫై ఒకటి దాటితే వదలాలి,
మధ్యలో మూడంగుళాల సందులో
ఉంటే ఉంది మన కూర. అదీ ఒక్కటే.
మంచిదే అంటాను. ఎవరైనా కొట్లో తిట్టుకుంటే
పుస్తకంలో ఆ చిరిగిన పేజీ చూపిస్తాను.

నిన్న ఫాల్ రివర్ నుంచి ఖ్మేర్ కుటుంబమొకటి,
వాళ్ళ పదకొండేళ్ళ విచెత్
తలుపు తోసుకుని వచ్చిపడ్డాడు,
మోకాళ్ళదాకా తడి, రొప్పు.
"ఇరవై ఆరు! వదిలేశాను! నాన్న చూశాడు!
ఇంతకంటే పెద్దది ఎక్కడైనా ఉంటుందా?"

తిబేరియో నోరు తెరిచాడు.
అరవై అక్కడిదాకా వచ్చింది, నాకు కనిపించింది.
మింగేశాడు.

పిల్లాడు బొటనవేలు చాచాడు.
చేప కిందిపెదవి పట్టుకున్నచోట
సన్నటి పళ్ళు గీరిన గరుకు,
రెండుచోట్ల నెత్తుటి చుక్క.
ముసలాయన తన వేలితో దాన్ని తడిమాడు,
కళ్ళజోడు తీసి చూశాడు,
తర్వాత తన వేలు చూసుకున్నాడు.
పదేళ్ళయి అది నున్నగానే ఉంది.

"ఏ స్తంభం దగ్గర?" అన్నాడు.
బకెట్ అప్పటికే చేతిలో ఉంది.