చేతుల బూచి

మొదట కళ్ళు కుట్టాను.
నల్ల గుండీలు రెండు, పాత జాకెట్టువి.
తర్వాత చేతులు.
చేతుల దగ్గరే ఆగిపోయింది పని.

చుట్టుగుంట గోడౌన్లో ముచ్చికలు తీసే ఆడాళ్ళు
పసిపిల్లల్ని ఎడంగా గోనెపట్టాల మీద దించి
చెప్పుకున్న బూచి ఇది.
ఎక్కడా అచ్చవలేదు.
మా అమ్మ దీనమ్మ నోట్లోంచి
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య
ముక్కలు ముక్కలుగా నా చెవిన పడింది.

పొద్దున్నే వచ్చిద్దంట.
మిరపకాయల రాశి వెనక ఎర్రగా కూర్చుంటదంట.
దానికి చేతుల్లేవు, పాపం.
అందుకని అమ్మల చేతులు అరువడుగుద్ది.
ఇవ్వకపోతే కూలి రానివ్వదు.
దీపాలేళ దాకా వాడుకుని తిరిగిచ్చిద్ది,
మంట మాత్రం వాటిల్లోనే మర్చిపోద్ది.
"అందుకేనే, నిన్నిప్పుడు ఎత్తుకోను.
ఇయ్యి నా చేతులు కాదు, బూచియ్యి.
మజ్జిగలో కడిగినాక
మళ్ళీ అమ్మయ్యి అవుతయ్యి."

నేను భయపడేదాన్ని కాదు.
లెక్కపెట్టేదాన్ని.
ఆదివారం అందరూ గుడికెళ్తే
బూచికి ఒక్క చెయ్యీ ఉండదు కదా,
ఆ పూట అన్నం ఎట్లా తింటదో అని
ప్రార్థనలో కళ్ళు మూసుకుని దిగులుపడేదాన్ని.

పద్నాలుగు బొమ్మలు గీసి తీసుకెళ్ళాను.
విజయవాడ, ఏలూరు రోడ్డు, మూడో అంతస్తు.
శేషుబాబు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
ప్రతి పేజీ రెండుసార్లు చూశారు.
"బాగుందమ్మా. కాస్త నవ్వించండి దాన్ని.
ఎరుపు తగ్గించి గులాబీ చేద్దాం.
పుస్తకంతో పాటు మెత్తటి బొమ్మ కూడా ఇస్తే
స్కూళ్ళవాళ్ళు తీసుకుంటారు.
చేతులు మాత్రం రెండు చాలు.
ఒక్కో చేతికీ కుట్టుకూలి పడుతుంది కదా."

కుట్టుకూలి.
ఆ మాట పట్టుకునే బస్సెక్కాను.
మంగళగిరి దాటేదాకా వేళ్ళు మడిచి లెక్కేశాను.
చేతికి నాలుగు రూపాయలు.
బస్తా ముచ్చికలు తీస్తే అమ్మకెంతిచ్చేవాళ్ళో
ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

పట్నంబజార్లో ఎర్ర ఫ్లానెల్ మీటరున్నర.
మిల్లు నుంచి గింజ తీసిన దూది, సంచెడు.
ముందు రెండు చేతులతోనే కుట్టాను.
ముద్దుగా ఉంది.
ఎవరి బొమ్మైనా కావచ్చు.
విప్పేశాను.

పదకొండు కుట్టాను మళ్ళీ.
ఒక్కొక్కరిది ఒక్కొక్కటి.
బొటనవేలు వంకరగా ఉన్నది సామ్రాజ్యం పిన్నిది.
మూడు పచ్చబొట్టు చుక్కలున్నది నాంచారమ్మది.
గాజు గుచ్చుకున్న మచ్చ, పసుపుదారంతో, ఎస్తేరత్తది.
పన్నెండో చోట చిల్లు కోసి, అంచు కుట్టి
ఖాళీగా వదిలేశాను.
ఇవ్వనంది రాహేలమ్మ.
మర్నాటి నుంచి పన్లోకి రానివ్వలేదు.
కథలో ఎవరూ ఆమె పేరెత్తరు.
బొమ్మలో వేలు పెడితే తగులుతుంది.

రాత్రి ఫోన్ చేశాను.
నవ్వు పెడతానండీ. గులాబీ కూడా సరే.
చేతులు పదకొండు.
అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడే.
"చూద్దాంలేమ్మా" అన్నారు.
చూడరని కాదు, చూస్తారనీ కాదు.

సంగడిగుంటలో అమ్మ మంచం మీద
బొమ్మని బోర్లా వేసి, వెల్లకిలా వేసి
కూరగాయలు బేరం చేసినట్టు నొక్కి చూసింది.
వాసన చూసింది.
"ఘాటే లేదే దీనికి."
తర్వాత ఒక్కో చెయ్యీ పట్టుకుని పేర్లు చెప్పింది,
ఒక్కటి కూడా తప్పలేదు.
చివరికి తలెత్తి,
"మరి నాదేదే?"

నాకు మాట రాలేదు.
పదకొండు కుట్టినా
అమ్మ చెయ్యి ఎట్లా ఉంటదో
నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు.

తనే ఒకటి ఎంచుకుంది, ఏ గుర్తూ లేనిది.
దాన్ని తీసి, తీరిగ్గా, తన కంటికి రుద్దుకుంది.
కాసేపు ఆగింది.
"మండట్లా.
అయితే నాది కాదులే."

అంది గానీ,
వదల్లేదు.