నలభై ఒక్క మూటలు

ముద్దనూరు రోడ్డులో సొసైటీ గోడౌనుకు
మా నాయన కుళ్లాయప్ప వాచ్‌మన్.
తాళంచెవి మొలతాడుకు కట్టుకొని పండుకునేటోడు.
లోపల బంగారమేం లేదు.
గమాక్సిన్ పొడి. నలభై ఒక్క మూటలు.

అమ్మకూడదని పైనుంచి కాయితమొచ్చింది.
మరేం చేయాల్నో ఆ కాయితంలో లేదు.
పారేస్తే పద్దు తేలదు,
పూడ్చాలంటే ఎవరిదో సంతకం కావాల,
ఆ సంతకం పెట్టాల్సినాయన కడపకు మారిపోయినాడు,
ఆయనకు రాసిన జాబు ఏ బల్లకింద నిద్రపోయిందో.

ఏటా మార్చిలో ఆడిటరొచ్చి
ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకొని
వాకిట్లోనే నిలబడేటోడు.
నాయన లోపలికిపోయి ఒక్కో మూటనూ తాకి లెక్కబెట్టేటోడు.
"నలభై ఒకటి సార్."
"నలభై ఒకటి."
నిజానికి ముప్పైకి మించి నిలబడి లేవు.
పిగిలినవన్నీ నేలయిపోయినాయి.

అంతకుముందు దాన్ని చూసి ఎవరికి భయం?
శెనక్కాయ చేన్లో చల్లొచ్చిన చేత్తోనే
అమ్మ నా తలకింత పూసి గుడ్డ కట్టేది.
తెల్లారి దువ్వితే పేలు జలజలా రాలేవి.
నాకేం కాలేదనే అంటాను అందరితో.
ఏమయిందో నాకేం ఎరుక?
రెండు కాన్పులు నిలవలేదు.
దేనివల్లనో డాక్టరమ్మ చెప్పలేదు,
నేనూ అడగలేదు.

నాయనకు చివర్లో చేతులు వణికేవి.
బీడీ అంటించమని నన్ను పిలిచేటోడు.
పోయినాక ఆయన ఖాకీ చొక్కా
మూడుసార్లు ఉతికి చిన్నాయనకిచ్చింది అమ్మ.
నాలుగోనాడు తెచ్చి దండెం మీద ఏసిపోయినాడు.
"వాసన పోలేదొదినా."

గోడౌను పడగొట్టినారు.
మూటలు ఏ లారీ ఎక్కినాయో,
ఏ వంకలో దిగినాయో పద్దులో లేదు.
నాపబండలు మాత్రం మంచివని
పగలనివి ఏరి అంగన్‌వాడీకి పరిచినారు.
నేను ఆడనే ఆయాను.

మొన్న తొలి వానకు నేల చెమ్మగిల్లింది.
పద్దెనిమిదిమంది పిల్లోళ్లు బోర్లా పండుకొనుండారు.
బండల సందుల్లోంచి
మా నాయన లేచొచ్చినాడు,
అదే చొక్కా తొడుక్కొని.

సూపర్వైజరమ్మకు చెప్పినా.
"వాసనకు రుజువేముంది ఫక్కీరమ్మా?"
ఫినాయిలు డబ్బా ఇంకొకటి రాసింది.
రుజువంటే నా ట్రంకుపెట్టెలో నాయన రిజిస్టరుండాది.
అందులో మూటలు ఈ పొద్దుకీ నలభై ఒకటే.

నిన్న ఓబులేసు కూతురు
బాలామృతం పొట్లం ఒలకబోసింది.
తియ్యటి పిండి.
పొరక చేతికి తీసుకొని కూడా
ఊడ్వకుండా తలుపేసి వచ్చేసినా.

తెల్లారి పోయి మోకాళ్లమీద కూర్చొని చూస్తే
పిండి ఎట్లున్నది అట్లనే ఉండాది.
వాకిట్లో చీమలబారు
గడపదాకా వచ్చి
పక్కకు మళ్లిపోతాంది.

పిల్లోళ్లొచ్చే యాళయింది.
గోనెపట్టాలు పరుస్తాండా,
ఏ మూటవో
ఒక్కోదాన్నీ తిరగేసి చూసుకుంటా.