బేరానికి పనికొస్తాదా

డాబాగార్డెన్స్‌లో మా కొట్టు అద్దం తలుపు తోసుకుని
ముందు వాసన వచ్చింది,
వెనకాల అరిజిల్లి దాలమ్మ.
ఏసీ కింద నిలబడ్డవాళ్లు తలో అడుగు జరిగారు.
నేను జరగలేదు. నెలాఖరు.
ఇంకో రెండు ఫోన్లు పోతేగాని
నాకు ఇన్సెంటివ్ రాదు.

"కొత్తగా దిగిందట కదా, అది సూపించు బాబూ.
బేరానికి పనికొస్తాదా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర పన్నెండు జవాబులున్నాయి,
కంపెనీవాళ్లు బీచ్ రోడ్డు హోటల్లో
బిర్యానీ పెట్టి మరీ నేర్పినవి.
వరసగా అప్పజెప్పాను.
రెండు సిమ్ములమ్మా, ఒకటి ఇంటికి, ఒకటి వ్యాపారానికి.
"మాకు రెండూ ఒకటే కదేటి" అంది.
బొడ్లోంచి తన పాతది తీసి అద్దాల బల్ల మీద పెట్టింది.
బటన్ల ఫోను, నడుముకి రబ్బరు బ్యాండు,
ఐదు నొక్కీ నొక్కీ అంకె చెరిగిపోయింది.
"మూడుసార్లు ఐసు డబ్బాలో పడింది.
అయినా కూస్తాది."

వేలిముద్ర తాళం పెడదామని
బొటనవేలు ఆనించమన్నాను.
ఆనించింది. మళ్లీ అంది ఫోను.
చెంగుతో తుడుచుకుని ఆనించింది. మళ్లీ అంది.
ముప్పై ఏళ్లు ఐసులో, ఉప్పులో,
రొయ్య తలలు తుంచీ తుంచీ
గీతలన్నీ హార్బరు నీళ్లలో వదిలేసి వచ్చిన వేలు.
"రేషను మిషనూ ఇంతే,
నన్ను నేనని ఒప్పుకోదు."
అయితే నాలుగంకెలు పెట్టుకోమన్నాను.
ఆ పొద్దుట పాటలో వంజరం బుట్ట
ఎంతకు పోయిందో ఆ అంకె పెట్టుకుంది.
"రేపు ధర మారితేనో?"
"తాళం మారుస్తాను."

వాయిదాల మీద పట్టుకెళ్లింది.

తొమ్మిదో రోజు, కాగితం మీద ఒక సంతకం మిగిలిపోయిందని
సేఠ్ నన్ను హార్బరుకి పంపాడు.
ఇంకా తెల్లారలేదు.
డాల్ఫిన్ నోస్ మీంచి లైట్‌హౌసు
పడవల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతోంది.
దాలమ్మ చేతులు మోచేతుల దాకా తడి.
తడి వేలు తగిలితే ఫోను
తన ఇష్టం వచ్చినవాళ్లకి మోగుతోందట,
అందుకని ముక్కుతో ఎత్తుతోంది.
తెర నిండా ముక్కుపుడక గీతలు.

"అది కాదు బాబూ నా బాధ" అంది.
బుట్టలోంచి ఒక వంజరం ఎత్తి మొప్ప విప్పింది.
ఇటుక పొడి రంగు. నిన్నటి సరుకు.
ఫోటో తీసి చూపించింది.
తెరలో అదే మొప్ప
దానిమ్మ చీల్చినట్టుంది,
చచ్చిన కన్ను కాటుక పెట్టుకుని నన్ను చూస్తోంది.
"ఇరవై రెండేళ్ల కాతా, సిరిపురం హోటలోడు.
ఫోటో సూసి సరేనన్నాడు,
బుట్ట సూసి తిప్పి పంపాడు.
నేను అబద్దం ఆడలేదు.
నా సేతిలోది ఆడింది.
మాట మాత్రం నాదేనట."

అక్కడే ఒక డబ్బా మీద కూర్చుని
సెట్టింగులన్నీ తవ్వాను.
ముస్తాబు ఆపాను, మెరుపు ఆపాను,
తెలివి ఆపాను.
మొప్ప కాస్త తగ్గింది.
ఇంకా ఎర్రగానే ఉంది.
"ఇంక తగ్గదమ్మా."
నాకూ అంతకంటే నిజం చెప్పడం నేర్పలేదు ఎవరూ.

ఆమె పాతది తీసి, ఐదున్న చోట గట్టిగా నొక్కి,
హోటలువాడితో నోటితోనే చెప్పింది:
మొప్ప మెత్తబడింది, వేపుడుకి వద్దు,
పులుసుకి సరిపోద్ది, ధర సగం.
అవతల ఏమన్నాడో, బుట్ట లేచింది.

కొత్తది మేకుకి వేలాడదీసి ఉంది,
టార్చి వెలిగించి, పాట జరిగేచోట.
"లైటు మాత్రం బంగారం బాబూ" అంది
సంతకానికి బదులు
పడని ఆ వేలిముద్రే వేస్తూ.

నిన్న ఒక కుర్రాడు వచ్చాడు కొట్టుకి.
అన్నా, ఇది వ్యాపారానికి పనికొస్తాదా?
ఏం వ్యాపారం?
గాజువాకలో లేతు మిషను.
పన్నెండు జవాబులూ నాలిక దాకా వచ్చాయి.
ఏదీ, చెయ్యి చూపించు, అన్నాను.
"జాతకం కూడా సెప్తావేటన్నా?" అని నవ్వి
చాపాడు.
గల్లాపెట్టె దగ్గర్నుంచి సేఠ్ నన్నే చూస్తున్నాడు.