మర నంబరు ఇరవై ఏడు

భీమవరంలో ఉండి రోడ్డు మీద
ఐస్ ఫ్యాక్టరీని ఆనుకున్న మేడ,
రెండో అంతస్తు మాది.
కింద రొయ్యల మేత గోడౌను.
ఏసీలోంచి కూడా చేపపొడి వాసన దిగుతుంది.
హెడ్డాఫీసు వాళ్ళొచ్చే రోజు అగరొత్తులు వెలిగిస్తాం.

టీవీలు చేసే కంపెనీ, ఫ్రిజ్జులు చేసే కంపెనీ.
పెళ్ళి సామాన్ల లారీ మీద దాని పేరు
ఎండలో మెరుస్తూ పోతుంది.
మెరుపుకి ముందు ఉండే పొట్టు పని నాది.
ఫోము, మైనం, ఉప్పుకాగితం.
నేను చేసేవి లోపల ఏమీ ఉండని పెట్టెలు.
అరలో వరసగా కూర్చున్నాయి:
పలకని స్పీకరు, చల్లబడని ఫ్రిజ్జు తలుపు,
దేనికీ చెందని రిమోట్లు పదకొండు.

ఈసారి పెట్టె చెరువు గట్టు మీద ఉండాలి.
రాత్రి నీళ్ళలో ఊపిరి తగ్గితే
ఏరేటర్లు వాటంతటవే తిరగాలి.
తిరక్కపోతే ఎవరో ఒకరు లేచి మర తిప్పాలి.
"ఆ ఎవరో ఒకరు ఎవరు?"
అన్నారు మా స్టూడియో పెద్ద, ముదునూరి శశిరేఖ గారు.
స్లైడులో అప్పటిదాకా 'వినియోగదారుడు' అని ఉంది.

లోసరి దాటాక, గట్టు చివర పాకలో
తిరుమాని ఏడుకొండలు.
పాత స్టార్టరు పెట్టె మరకి
సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది.
ఎందుకంటే
"జారకుండానండీ, ఆయ్" అని
చెక్‌ట్రే లాగడానికి వెళ్ళిపోయాడు.

మస్తాన్‌వలీ ఫోన్లో శబ్దాలు తెచ్చాడు, నలభై ఒకటి.
ఏది మోగితే లేస్తావని ఒక్కోటీ వినిపించాడు.
ఒకటి బ్యాండుమేళం అన్నాడు, ఒకటి కప్ప అన్నాడు,
ఒకదానికి కోడలి ఫోనేమో అని లుంగీ తడుముకున్నాడు.
ఆఖరికి,
"నన్ను మోత లేపదండి.
ఫ్యాన్లు ఆగిపోతే లేస్తాను.
చప్పుడు లేదంటే మెలకువొచ్చేద్ది."
మస్తాన్ ఫోను జేబులో పెట్టుకుని
దారంతా మాట్లాడలేదు.
చప్పుడు లేకపోవడాన్ని
హెడ్డాఫీసుకి ఏ ఫైల్లో పంపాలి?

నన్ను ట్యూబు పట్టుకుంది.
పళ్ళున్న మర, నడుమున్న మర,
తాటిముంజెలా నొక్కున్నది,
బూరె అంచులా ఉబ్బినది, చెక్కుతూ పోయాను.
చేతులకి మేత నూనె రాసుకుని, బకెట్లో ముంచి,
కళ్ళకి తువ్వాలు కట్టుకుని తిప్పి చూశాం.
టీ తెచ్చిన కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.
ఇరవై ఏడోదానికి అంచు చుట్టూ ఎనిమిది గాళ్ళు,
ఒక్కటి మాత్రం లోతు.
బొటనవేలు అందులో పడిందా, ఆన్ అయినట్టు.
ఆ లోతుకి పెట్టెకి పద్నాలుగు పైసలన్నారు ఖర్చుల వాళ్ళు.
శశిరేఖ గారు తలుపేసుకుని
గంటన్నర ఫోన్లో ఇంగ్లీషులో మొదలెట్టి
పాలకొల్లులో ముగించారు.
లోతు మిగిలింది.

కార్తీకం వెళ్ళాక కొత్త పెట్టె బిగించారు.
వారం పోయి చూస్తే
నా గాళ్ళ మీదుగా, నా లోతు మీదుగా
నల్లగా, బిగువుగా, అదే ట్యూబు.

నా మొహం ఎలా మారిందో,
తప్పు చేసినట్టు విప్పబోయాడు.
"బానే ఉందండి మర. జారట్లేదు.
కాపోతే మూడింటికి లేస్తానా,
ఈ మంచులో ముట్టుకుంటే
చచ్చిన చేపలా తగుల్తాదండి.
రబ్బరైతే కాస్త..."
ఆపేసి, నాకు కుర్చీ తుడిచాడు.

తడి చూశాం, నూనె చూశాం, చీకటి చూశాం.
స్వెట్టర్లు వేసుకుని ఏసీలో కూర్చుని
చలి చూడలేదు.

ఇవాళ నా బల్ల మీద
తుమ్మచెక్క, రబ్బరు, బెండు,
పక్క ఫ్యాక్టరీ నుంచి గోనెలో తెచ్చిన ఐసుగడ్డ.
ఒక్కోటీ దాని మీద పెట్టి
అరగంట ఆగి
కళ్ళు మూసుకుని ముట్టుకుంటున్నాను.
ఐసు కరిగి డ్రాయింగుల కిందికి పోతోంది.
చెక్క మీద పెన్సిలుతో ఇరవై ఎనిమిది అని రాశాను,
ఇంకా ఏమీ చెక్కలేదు.