లోపల మడత లేని బండి

పాలకొల్లు లాకుల దగ్గర, సైకిళ్ల కొట్లో,
నా కాలు పొడవు కొలవడానికి
ఏసుపాదం గారు ఒక పాత లెడ్జరు తెచ్చారు.
"చెప్పులు తీసి గోడకి ఆనుకోండి.
పుస్తకం కాళ్ల మధ్య పైకంటా మీరే పట్టుకోండి,
నేను అటు తిరుగుతాను. గీత మా రూతమ్మ గీస్తుంది."
రూతమ్మ చెవి మీంచి పెన్సిలు తీసింది.

ఇరవై రెండేళ్లుగా ఊరి కొలతలన్నీ నా దగ్గరే ఉన్నాయి.
ఎవరి భుజం ఎటు వాలిందో,
కానుపు తర్వాత ఎవరికి చంక బిగిసిందో.
మెళ్లో వేలాడే టేపు మాత్రం
ఏనాడూ నన్ను చుట్టుకోలేదు.
నా జాకెట్టు నా పాత జాకెట్టుని చూసి కుట్టుకుంటాను.
ఇవాళ గోడ సున్నం మీద సన్నటి గీత.
డెబ్బై మూడు సెంటీమీటర్లు.
ఓహో, నేనింత.

నా కన్ను నీలందాని మీద ఉంది.
నీలిమందు నీళ్లలో ముంచి తీసినట్టుంది.
ఎవరో బయానా ఇచ్చి వదిలేశారట,
నాలుగు వేలు తగ్గిస్తానన్నారు.
ఎక్కాను.
కాలివేళ్లు నేల కోసం వెతుక్కున్నాయి.
పక్కింటి గోడ మీంచి కూరగిన్నె అందుకుంటున్నట్టు
చేతులు సాగిపోయాయి.

"సీటు దించుకుంటే సరిపోదా అండి?"
"సీటు దిగుద్దండి. బండి పొడుగు తగ్గదు కదండీ."

ఆ మాట నేనే ఎంతమందితో అన్నానో!
రెడీమేడ్ జాకెట్టు సంచిలో తెచ్చి
కాస్త సరిచెయ్యమంటారు.
చెయ్యి బిగిస్తాను, నడుం పడతాను,
భుజం తప్పాక ఇంక నా వల్ల కాదంటాను.
అయినా గుడ్డకి నయం,
రేపు ఒళ్లొస్తుందని లోపల రెండంగుళాలు వదుల్తాం.
ఫ్రేముకి మడత వదలరు.

నీలంది మళ్లీ కొక్కేనికి ఎక్కింది. చూడకూడదనుకుంటూ చూశాను.

తర్వాతది బూడిద రంగు, నలభై ఎనిమిది సైజు.
వానకి ముందు కాలవ ఎలా ఉంటుందో అలా ఉంది.
మడమ పెడలు మీద పెట్టి కిందికి తోస్తే
కాలు నిటారుగా దిగింది.
మునిపాదం పెడితే మోకాల్లో కాస్త వంపు మిగిలింది.
మోచేతుల్లోనూ అంతే.
మెడ కింద, రోజూ సాయంత్రానికి సలిపే చోట,
ఏమీ కాలేదు.
ఏమీ కాకపోవడాన్నే కుదరడం అంటారు.
మంచి జాకెట్టు తొడుక్కున్న మనిషి
దాన్ని మర్చిపోవాలి.

కాలవగట్టున నర్సాపురం వైపు ఓ రౌండు.
మా వైపు కొండలుండవు. సముద్రం మీంచి
ఎదురొచ్చే గాలే మాకు ఎత్తు.
వంగాను. వంగడం నా వీపుకి కొత్త కాదు.
తొక్కడమూ కొత్త కాదు,
మిషను కింద ఇన్నేళ్లూ తొక్కాను
జానెడు కూడా కదలకుండా.
చెట్లు వెనక్కి పోవడమే కొత్త.
గేరు మార్చబోయి బ్రేకు నొక్కాను.
కొబ్బరికాయల లారీ మీద క్లీనరు ఈల వేసి నవ్వాడు.
నవ్వనీ. నాకూ నవ్వొచ్చింది.

"దీనికి తగ్గదండి, ఆయ్.
పోనీ మా ఆవిడకి రెండు జాకెట్లు కుట్టి పెట్టండి."
టేపు తీశాను. రూతమ్మ సిగ్గుపడుతూ నిలబడింది.
కుడి భుజం అరంగుళం కిందికుంది.
ఎన్ని టైర్లకి గాలి కొట్టిందో.
పైకి అనలేదు,
చీటీలో రాసుకున్నాను.